విశాఖపట్నంలో మొదటి ఇంటికి ప్రభుత్వ సాయం పొందడం ఎలా

ప్రభుత్వ సాయంతో ఇల్లు కొనుక్కోవాలనుకునేవారిలో చాలామంది ముందు ఫ్లాటు చూస్తారు, నచ్చితే బయానా ఇస్తారు, ఆ తరువాత పథకం సంగతి ఆరా తీస్తారు. ఈ వరుస తలకిందులుగా ఉండాలి. ఇంటి ధర ఎంతలోపు ఉండాలో, లోపలి విస్తీర్ణం ఎంత మించకూడదో, దస్తావేజు ఎవరి పేరున ఉండాలో, అప్పు ఎంత తీసుకోవచ్చో పథకమే ముందుగా నిర్ణయిస్తుంది కనుక, ఆ హద్దులు తెలియకుండా ఇచ్చిన బయానా తిరిగి రాబట్టుకోవడం మీకే కష్టమవుతుంది. పైగా, సాయం సొమ్ము మీరు ఇల్లు కొనే రోజున చేతికి రాదు. ఈ రెండు విషయాలు మనసులో పెట్టుకుని కింది అడుగులు చదవండి.

ముందు మీ దారి ఏదో తేల్చుకోండి

పట్టణ ప్రాంతాల్లో ఇప్పుడు నడుస్తున్న ప్రధాన పథకం ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగపు రెండో దశ. వాడుకలో దీన్ని పీఎంఏవై 2.0 అంటున్నారు. ఇది 2024 సెప్టెంబరు 1న మొదలైంది, ఐదేళ్లపాటు సాగుతుంది. వడ్డీ రాయితీ సొమ్ము పూర్తిగా కేంద్రానిది, మిగిలిన భాగాల నిధుల్లో కేంద్రం వాటా, రాష్ట్రం వాటా కలిసి ఉంటాయి. అమలు చాలావరకు రాష్ట్రానిదే కనుక, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, టిడ్కో (పట్టణ పేదలకు ఫ్లాట్లు కట్టే రాష్ట్ర సంస్థ), పురపాలక సంస్థలు దీన్ని నడుపుతాయి. విశాఖ నగరంలో అయితే మీరు వెళ్లవలసిన మొదటి చోటు మీ వార్డు సచివాలయం, ఆ పైన నగరపాలక సంస్థ అయిన జీవీఎంసీలోని పట్టణ సామాజికాభివృద్ధి విభాగం. అందరూ దాన్ని యూసీడీ అనే పిలుస్తారు.

పథకంలో నాలుగు భాగాలున్నాయి. వాటిలో ఒకటి అద్దె ఇళ్లకు సంబంధించినది కనుక దాన్ని పక్కన పెట్టవచ్చు. మిగిలిన మూడింటిలో మీది ఏదో ఒక్క ప్రశ్నతో తేలుతుంది. మీకు హక్కు పత్రాలున్న సొంత స్థలం ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 3 లక్షలు దాటకపోతే, దానిలో ఇల్లు కట్టుకోవడానికి నేరుగా సాయం అందుతుంది. మన రాష్ట్రంలో అది కేంద్రం ఇచ్చే 1.50 లక్షలు, రాష్ట్రం కలిపే లక్ష, వెరసి 2.50 లక్షల రూపాయలు. స్థలం లేదు, ఆదాయం కూడా ఏడాదికి 3 లక్షలు దాటదు అనుకుంటే, ప్రభుత్వ సంస్థలు గానీ వాటితో ఒప్పందం చేసుకున్న నిర్మాణదారులు గానీ కట్టే చిన్న ఫ్లాట్లలో ఒకటి కోరవచ్చు. స్థలం లేకపోయినా నెలనెలా కంతు కట్టగల సంపాదన ఉండి, మార్కెట్లో మీకు నచ్చిన ఇల్లు బ్యాంకు అప్పుతో కొనదలిస్తే, వడ్డీ రాయితీ మీ దారి. నగరంలో అద్దెకుంటున్న చిరుద్యోగులకు, ఆటోనగర్, ఫార్మాసిటీ వంటి చోట్ల పనిచేసేవారికి, చిన్న వ్యాపారులకు ఎక్కువగా పనికొచ్చేది ఈ మూడోదే కనుక దాన్నే వివరంగా చెప్పి, మిగిలిన రెండింటినీ చివర్లో క్లుప్తంగా ముగిస్తాను.

అర్హత: నాలుగు ప్రశ్నలు

మొదటిది ఆదాయం. కుటుంబ వార్షికాదాయం 3 లక్షల వరకు ఉంటే ఆర్థికంగా బలహీన వర్గం, 3 నుంచి 6 లక్షల వరకు అల్పాదాయ వర్గం, 6 నుంచి 9 లక్షల వరకు మధ్యాదాయ వర్గం. వడ్డీ రాయితీ ఈ మూడు వర్గాలకూ వర్తిస్తుంది. ఇక్కడ లెక్క మీ ఒక్కరి జీతం కాదు, కుటుంబానిది. భర్త, భార్య, పెళ్లికాని కొడుకులు, కూతుళ్లు కలిసి ఒక కుటుంబం. కనుక అమ్మానాన్నలతో ఉండే పెళ్లికాని ఉద్యోగి తనను వేరే కుటుంబంగా చూపుకోలేడు. పెళ్లయిన కొడుకు, కోడలు మాత్రం ఒకే ఇంట్లో పెద్దలతో ఉన్నా వేరే కుటుంబమే.

రెండోది, మీ కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. విశాఖలో లేకపోతే చాలనుకుని పొరపడేవారు ఎక్కువ. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఊళ్లో మీ పేరున శ్లాబు ఇల్లు ఉంటే అర్హత పోతుంది. తండ్రి పేరున ఉండి, మీరు పెళ్లయి వేరే కుటుంబంగా ఉంటే పోదు. కాబట్టి ఊళ్లో వాటాలు పంచుకుని ఇల్లు మీ పేరున రాయించుకునే ఆలోచన ఉంటే, దానికీ ఈ దరఖాస్తుకూ ఉన్న సంబంధాన్ని ముందే ఆలోచించుకోండి.

మూడోది, గత 20 ఏళ్లలో కేంద్రం గానీ రాష్ట్రం గానీ స్థానిక సంస్థ గానీ నడిపిన ఏ గృహ పథకం కింద అయినా మీ కుటుంబం లబ్ధి పొంది ఉండకూడదు. మన దగ్గర ఈ షరతు చాలామందికి అడ్డు తగులుతుంది. ఇందిరమ్మ ఇంటి బిల్లులు తీసుకున్నవారు, కాలనీల్లో స్థలంతోపాటు 1.80 లక్షల ఇంటి సాయం పొందినవారు, టిడ్కో ఫ్లాటు కేటాయింపు పొందినవారు తమ ఆధార్ సంఖ్యపై ఏ నమోదు ఉందో వార్డు సచివాలయంలో చూపించుకోవాలి. మంజూరై, ఇల్లు కట్టకుండా వదిలేసినా మీ పేరు జాబితాలో మిగిలిపోయి ఉండవచ్చు. అలా ఉంటే రద్దు సంగతి రాతపూర్వకంగా తేలిన తరువాతే ముందుకు కదలండి. పాత పీఎంఏవైలో మంజూరై, 2023 డిసెంబరు 31 తరువాత రద్దయిన ఇళ్ల లబ్ధిదారులకు కొత్త దశలో అర్హత లేదన్న నిబంధన కూడా ఉంది.

నాలుగోది అప్పు, ఇల్లు రెండింటి పరిమాణం. ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు, లోపలి విస్తీర్ణం 120 చదరపు మీటర్లు మించకూడదు. అప్పు 2024 సెప్టెంబరు 1న గానీ ఆ తరువాత గానీ మంజూరై విడుదలైనదై ఉండాలి. లోపలి విస్తీర్ణం అంటే గోడల మధ్య మీరు నిజంగా నడిచే స్థలం, అంటే కార్పెట్ ఏరియా. నిర్మాణదారులు కరపత్రాల్లో వేసే చదరపు అడుగుల్లో మెట్లు, వరండాల వాటా కూడా కలిసి ఉంటుంది. 120 చదరపు మీటర్లంటే దాదాపు 1,290 చదరపు అడుగులు కనుక ఈ హద్దు ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఇబ్బంది పెట్టేది ధర. సిరిపురం, ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల 35 లక్షలకు కొత్త ఫ్లాటు దొరకడం కల్ల. కనుక మీ వెతుకులాట పెందుర్తి, దువ్వాడ, కూర్మన్నపాలెం, ఆనందపురం వైపుకో, లేదా నగరంలోనే పాత గ్రూప్ హౌసుల్లో చేతులు మారుతున్న ఫ్లాట్ల వైపుకో సాగాలి. ఇంతకుముందు ఒకరు ఉన్న ఫ్లాటు కొన్నా రాయితీ వర్తిస్తుంది. ఖాళీ స్థలం మాత్రమే కొంటే వర్తించదు.

రాయితీ ఎంత, మీ జేబులోంచి ఎంత

ఇప్పటికీ కొందరు బ్రోకర్లు 2.67 లక్షల రాయితీ వస్తుందని చెబుతూ ఫ్లాట్లు చూపిస్తున్నారు. అది పాత దశలోని లెక్క. దాని గడువు మధ్యాదాయ వర్గాలకు 2021 మార్చి 31తోనూ, మిగిలినవారికి 2022 మార్చి 31తోనూ ముగిసింది. ఇప్పుడున్న పద్ధతిలో మీ అప్పులో మొదటి 8 లక్షలపై 4 శాతం వడ్డీ రాయితీని 12 ఏళ్ల వ్యవధి వరకు లెక్కకట్టి, గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు వార్షిక విడతల్లో ఇస్తారు. అంటే పూర్తి మొత్తానికి అర్హులైతే ఏడాదికి 36 వేలు. అప్పు 8 లక్షలకన్నా తక్కువైతే రాయితీ కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. పెందుర్తి వైపు నిర్మాణంలో ఉన్న ఒక ఫ్లాటు ధర 30 లక్షలు అనుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు ఉండే గృహ రుణాల్లో బ్యాంకు ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం, అంటే 27 లక్షలు ఇవ్వవచ్చు గానీ, పథకం హద్దు 25 లక్షలు కనుక మీరు అక్కడే ఆగాలి. మిగిలిన 5 లక్షలు మీవి. రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, కలిపి 7.5 శాతం. 30 లక్షలపై ఇది 2.25 లక్షలు అవుతుంది. 10 లక్షలు దాటిన ఇళ్ల విషయంలో ఈ ఖర్చును ఇంటి విలువలో కలిపి అప్పు ఇవ్వడానికి బ్యాంకుకు వీల్లేదు కనుక ఇదీ మీ జేబులోంచే. నిర్మాణంలో ఉన్న ఇంటికి జీఎస్టీ ఉంటుంది. ధర 45 లక్షలలోపు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లలోపు అయితే విశాఖలో అది 1 శాతమే, అంటే 30 వేలు. నిర్మాణం పూర్తయి నివాసయోగ్య ధ్రువపత్రం వచ్చిన ఇంటికి, చేతులు మారే పాత ఇంటికి జీఎస్టీ లేదు. దీనికి బ్యాంకు పరిశీలన ఖర్చులు, విద్యుత్ కనెక్షన్‌కు ఈపీడీసీఎల్ పేరిట నిర్మాణదారు వసూలు చేసే మొత్తం, పార్కింగు, అసోసియేషన్ నిధి కలిపితే, గృహప్రవేశానికి ముందే మీరు సుమారు 8 లక్షలు సిద్ధం చేసుకోవాలి. 1.80 లక్షల రాయితీ ఇంటి ధరలో 6 శాతం మాత్రమే. అదీ తరువాత ఐదేళ్లలో అందేది. దాన్ని మొదటి చెల్లింపుకు ఆధారంగా చేసుకుని చేబదులు తెచ్చుకుంటే మొదటి ఏడాదిలోనే ఇబ్బంది పడతారు.

కంతు సంగతి కూడా చూడండి. 25 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అయితే నెలకు దాదాపు 21,700. నెలకు 75 వేలు వచ్చే కుటుంబానికి ఇది మోయగల బరువే. నెలకు 25 వేలు వచ్చే కుటుంబానికి, ఆదాయంలో సగానికి మించి కంతులకు పోకూడదని బ్యాంకు చూస్తుంది కనుక, 12 లక్షల దగ్గరే అప్పు ఆగిపోవచ్చు. దానికే నెలకు 10,400 దాటుతుంది. అందువల్ల బలహీన వర్గానికి చెందినవారు వడ్డీ రాయితీతో మార్కెట్లో ఫ్లాటు కొనడం కాగితం మీద సాధ్యమే అయినా, వారికి ప్రభుత్వం కేటాయించే ఫ్లాటు లేదా సొంత స్థలంలో నిర్మాణమే ఎక్కువగా నప్పుతుందని నా అభిప్రాయం.

కాగితాలు

కుటుంబంలో అందరి ఆధార్, దరఖాస్తుదారు ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువపత్రం, కులం వర్తించేవారికి కుల ధ్రువపత్రం, పాన్ ఉండాలి. ఆదాయ, కుల పత్రాలకు వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు చేయవచ్చు. ప్రభుత్వపు మన మిత్ర వాట్సాప్ సేవ కూడా ఉంది. జీతగాళ్లు ఫారం 16, జీతపు చీటీలు జతచేయాలి. రోజు ఆదాయం మీద బతికే పూర్ణా మార్కెట్ చిరు వ్యాపారి, ఆటో నడిపేవారు, ఫిషింగ్ హార్బర్‌లో చేపల అమ్మకం చేసేవారు తమ రాబడిని చూపడమే పెద్ద పని. అలాంటివారు అప్పుకు వెళ్లడానికి కనీసం ఏడాది ముందునుంచే రాబడిని ఖాతాలో వేస్తూ, అద్దె కూడా ఖాతా నుంచే చెల్లిస్తూ ఉంటే బ్యాంకు అధికారికి చూపడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఆధార్‌లో, పాన్‌లో, ఖాతాలో పేరు ఒకే తీరున ఉందా అని ఇప్పుడే సరిచూడండి. ఇంటిపేరు ఒకచోట ముందూ, మరోచోట పొట్టి అక్షరంగానూ ఉండటం మన తెలుగువాళ్లకు మామూలే గానీ, కంప్యూటరు దాన్ని ఇద్దరు మనుషులుగా చూస్తుంది. పెళ్లయిన స్త్రీలకు పుట్టింటి పేరు ఒక పత్రంలో, మెట్టినింటి పేరు మరో పత్రంలో ఉండటం ఇంకా మామూలు. ఆధార్ సవరణ పూర్తయ్యాకే దరఖాస్తు వేయండి.

ఇల్లు ఎంచుకోవడం: విశాఖలో చూసుకోవలసినవి

పథకం పత్రాలు ఎంత పక్కాగా ఉన్నా, ఇంటి హక్కులో చిక్కుంటే బ్యాంకు అప్పు ఇవ్వదు. అప్పు లేకపోతే రాయితీ లేదు. విశాఖలో ఈ చిక్కులు రకరకాలు కనుక ఇక్కడ తొందర పడవద్దు.

మొదట ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో ఉందేమో చూడండి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షను కింద ప్రభుత్వ, దేవాదాయ, అసైన్డ్ భూముల వంటివి నిషేధిత జాబితాలో ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో గ్రామం, సర్వే నంబరు ఇచ్చి దీన్ని ఎవరైనా చూసుకోవచ్చు. నగరం లోపలి భాగాల్లో టౌన్ సర్వే నంబరు వేరుగా ఉంటుంది కనుక అమ్మేవారి దగ్గర రెండూ అడిగి తీసుకోండి. సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఉన్న పంచగ్రామాలు, అంటే అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం పరిధిలో ఇల్లు చూస్తున్నట్లయితే ఈ పరిశీలన మరీ ముఖ్యం. అక్కడ దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నవారు వేలమంది ఉన్నా, వివాదంలో ఉన్న సర్వే నంబర్లలో నోటరీ కాగితం మీద సాగే అమ్మకానికి బ్యాంకు రుణం రాదు. డి-పట్టా భూముల్లో, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూముల్లో, కొండవాలు మీది ఇళ్లలో కూడా ఇదే పరిస్థితి. ధర చవకగా ఉండటానికి కారణం చాలాసార్లు ఇదే.

తరువాత ఈసీ, అంటే ఆ ఆస్తిపై ఇంతవరకు రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆ ఆస్తి ఏ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం పరిధిలో ఉందో అక్కడ, ఉదాహరణకు సూపర్‌బజార్‌లోనో గాజువాకలోనో మధురవాడలోనో, దరఖాస్తు పెట్టాలి. ఈసీలో కనిపించే ప్రతి లావాదేవీకీ లింకు డాక్యుమెంటు, అంటే దానికి ముందరి దస్తావేజు, ఉందో లేదో ఒక న్యాయవాదితో చూపించుకోండి. బ్యాంకు తన న్యాయవాదితో చూపిస్తుంది కదా అని ఊరుకోవద్దు. ఆయన చూసేది బ్యాంకు సొమ్ము భద్రత. పైగా, ఆయన నివేదిక వచ్చేది మీరు బయానా ఇచ్చిన తరువాతే.

మూడోది ప్లాను. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో, ఎనిమిది మించిన ఫ్లాట్లతో కట్టే ప్రాజెక్టు, స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే ఏపీ రెరాలో నమోదై ఉండాలి. నమోదు సంఖ్యతో వెబ్‌సైటులో ప్లాను, గడువు, నిర్మాణదారు ఇతర ప్రాజెక్టులు కనిపిస్తాయి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం చెబుతోంది. అయితే మన నగరంలో అధిక భాగం గ్రూప్ హౌసులు మూడు, నాలుగు వందల గజాల స్థలాల్లో లేచేవే. 500 చదరపు మీటర్లంటే దాదాపు 598 గజాలు కనుక అవి చాలావరకు రెరా నమోదు లేకుండానే ఉంటాయి. అంటే మీ బడ్జెట్టులో దొరికే ఇళ్లకే ఈ రక్షణ తక్కువ. అలాంటి చోట జీవీఎంసీ ఆమోదించిన ప్లాను ప్రతి అడిగి తీసుకుని, అందులో ఎన్ని అంతస్తులు ఉన్నాయో, నిజంగా ఎన్ని లేచాయో మీరే లెక్కపెట్టుకోవాలి. పైన పెంట్‌హౌస్ అని చవకగా చూపించే ఫ్లాటు ప్లానులో ఉండదు. దానికి అప్పూ రాదు, నివాసయోగ్య ధ్రువపత్రమూ రాదు.

మరో సంగతి చాలామంది అడగరు. ప్లాను ఆమోదం పొందేటప్పుడు, నిబంధనల ప్రకారం కడతామన్న హామీగా నిర్మాణదారు కట్టడంలో 10 శాతం భాగాన్ని కార్పొరేషనుకు తనఖా పెడతారు. నివాసయోగ్య ధ్రువపత్రం వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. మీరు చూస్తున్న ఫ్లాటు ఆ భాగంలో ఉందేమో తనఖా దస్తావేజులో చూసుకోండి. ఈసీలో దాని నంబరు కనిపిస్తుంది.

సబ్బవరం, పరవాడ వంటి చోట్ల కొనదలిస్తే ఆ ప్రాంతం పథకపు పట్టణ పరిధిలోకి వస్తుందా అని బ్యాంకును అడగండి. పథకం పట్టణాభివృద్ధి సంస్థల ప్రాంతాలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది గానీ, నిర్ధారణ రాతలో ఉంటే మంచిది. అక్కడ లేఅవుటుకు పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చిన ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుటు ఆమోద సంఖ్య, కూడా అవసరం.

బయానా ఇచ్చేటప్పుడు ఒప్పందంలో రెండు వాక్యాలు రాయించండి. బ్యాంకు న్యాయపరిశీలనలో ఆస్తి తిరస్కరణకు గురైతే బయానా పూర్తిగా తిరిగి ఇవ్వాలన్నది ఒకటి. పార్కింగు, విద్యుత్తు, చెక్కపని అన్నీ కలిపి మొత్తం ధర ఇంత అన్నది మరొకటి. ఫ్లాటును సగం పూర్తయిన స్థితిలో రిజిస్టరు చేసి, మిగతా పనికి వేరే నిర్మాణ ఒప్పందం రాయించే పద్ధతి విశాఖలో వాడుకలో ఉంది. ఆ రెండు కాగితాల మొత్తం 35 లక్షలు దాటితే మీ అర్హతకే ముప్పు. దస్తావేజులో ధర తగ్గించి, తేడా చేతికి ఇవ్వమంటే ఒప్పుకోవద్దు. బ్యాంకు అప్పు కాగితం మీది విలువపైనే లెక్కకడుతుంది, మీ చేతి సొమ్ము అవసరం ఆ మేరకు పెరుగుతుంది.

దరఖాస్తు, అప్పు

పీఎంఏవై ఏకీకృత వెబ్‌సైటులో రెండో దశకు దరఖాస్తు చేసే మీట నొక్కితే, రాష్ట్రం, ఆదాయం, పక్కా ఇల్లు, గత 20 ఏళ్ల లబ్ధి గురించి ప్రశ్నలు వస్తాయి. వాటి తరువాత ఆధార్ సంఖ్యను ఫోనుకు వచ్చే ఓటీపీతో ధ్రువీకరించి, కుటుంబ వివరాలు నింపాలి. నాలుగు భాగాల్లో ఏది అని అడిగినచోట వడ్డీ రాయితీని ఎంచుకోవాలి. ఇక్కడ పొరపాటున సొంత స్థలంలో నిర్మాణాన్ని ఎంచుకుంటే దరఖాస్తు జీవీఎంసీ వైపు వెళుతుంది, బ్యాంకుకు కనిపించదు. చివర వచ్చే దరఖాస్తు సంఖ్యను రాసి పెట్టుకోండి. దీనికి రుసుము లేదు. పేరు జాబితాలో పెట్టిస్తామని సొమ్ము అడిగేవారు ఎవరైనా సరే, దూరం పెట్టండి.

ఆ సంఖ్యతో బ్యాంకుకు వెళ్లి మొదట ఒకే ప్రశ్న అడగండి: ఈ పథకంలో మీరు రుణ సంస్థగా చేరారా? వాణిజ్య బ్యాంకులు, గృహ రుణ సంస్థలు, సహకార బ్యాంకులు రాయితీ సొమ్మును పంపిణీ చేసే కేంద్ర నోడల్ సంస్థతో ఒప్పందం చేసుకుంటేనే రాయితీ కోసం మీ తరఫున కోరిక పంపగలవు. జాతీయ హౌసింగ్ బ్యాంకు, హడ్కో, భారతీయ స్టేట్ బ్యాంకు ఆ నోడల్ సంస్థలు. వడ్డీ పావు శాతం తక్కువని, ఒప్పందం లేని సంస్థలో అప్పు తీసుకుంటే రాయితీ మాట మరిచిపోవాలి. రుణ దరఖాస్తులోనే పథకం పేరు రాసి, మీ దరఖాస్తు సంఖ్య జతచేసి, అందినట్లు ముద్ర వేయించుకోండి. శాఖలో అధికారి మారినా ఆ కాగితం మీ దగ్గర ఉంటుంది.

రిజిస్ట్రేషన్ రోజుకు ముందే దస్తావేజు ముసాయిదా తెప్పించుకుని చదవండి. ఇల్లు కుటుంబంలోని స్త్రీ పేరునో భార్యాభర్తలిద్దరి పేరునో ఉండాలని పథకం కోరుతుంది. ఈ సంగతి తెలియక భర్త ఒక్కరి పేరున రాయించి, తరువాత భార్య పేరు చేర్చడానికి మళ్లీ దస్తావేజు, మళ్లీ సుంకం భరించే కన్నా ముసాయిదాలోనే సరిచేయడం తేలిక. అవిభాజ్య స్థలపు వాటా, అంటే భవనం కింది స్థలంలో మీకు వచ్చే భాగం, ఎన్ని గజాలో, కార్పెట్ ఏరియా ఎంతో దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. రిజిస్ట్రేషన్ తరువాత జీవీఎంసీ ఇంటి పన్ను రికార్డులో, విద్యుత్ మీటరులో పేరు మారిందో లేదో చూసుకోవడం మీ పనే.

ఇల్లు చేతికి వచ్చాక

రాయితీ విడత విడుదలయ్యే సమయానికి అప్పు నడుస్తూ ఉండాలి, అసలులో 50 శాతానికి పైగా బాకీ ఉండాలి. ఈ షరతు ఎవరికి తగులుతుందో గమనించండి. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల అప్పు తీసుకున్నవారికి ఐదేళ్లు కంతులు కట్టిన తరువాత కూడా అసలులో దాదాపు 88 శాతం మిగిలే ఉంటుంది, కనుక వారికి భయం లేదు. కానీ అదే వడ్డీకి 8 ఏళ్ల గడువు పెట్టుకుంటే ఐదేళ్లకు బాకీ సగంకన్నా తగ్గిపోతుంది. ఊళ్లో పొలం అమ్మిన సొమ్ముతో ఒకేసారి పెద్ద మొత్తం కట్టేవారికీ ఇదే జరుగుతుంది. అలా కట్టకూడదని కాదు. ఆదా అయ్యే వడ్డీ ఒక్కోసారి పోయే విడతలకన్నా ఎక్కువే ఉంటుంది. ఎంత కడితే బాకీ సగానికి దిగువకు పోతుందో బ్యాంకులో లెక్క వేయించుకుని కట్టండి. కంతు తప్పి ఖాతా మొండిబాకీగా మారితే మాత్రం రాయితీతో పాటు ఇల్లూ ప్రమాదంలో పడుతుంది.

అప్పును వడ్డీ తక్కువున్న మరో బ్యాంకుకు మార్చుకోవాలనిపిస్తే, మిగిలిన విడతలకు ఏమవుతుందో రెండు బ్యాంకుల నుంచీ రాతపూర్వకంగా తెలుసుకునే వరకు సంతకం చేయవద్దు.

సొంత స్థలం ఉన్నవారు, ప్రభుత్వ ఫ్లాటు కోరేవారు

సొంత స్థలంలో కట్టుకునేవారికి కావలసినది హక్కు పత్రం: రిజిస్టరు దస్తావేజు, పట్టా, లేదా ప్రభుత్వం ఇచ్చిన పొజిషన్ సర్టిఫికెట్. ఇల్లు 30 నుంచి 45 చదరపు మీటర్ల మధ్య ఉండాలి. సాయం ఒకేసారి రాదు. పని ఒక్కో దశకు చేరినప్పుడు వార్డు సచివాలయ సిబ్బంది స్థలానికి వచ్చి ఫోటో తీసి, స్థానం నమోదు చేశాక విడత జమవుతుంది. అంటే ప్రతి దశకూ పెట్టుబడి ముందు మీది. వానాకాలంలో పునాది మొదలుపెట్టి పని ఆగిపోతే విడతా ఆగుతుంది. స్థలం కూడా లేనివారికి రాష్ట్ర ప్రభుత్వం పట్టణాల్లో 2 సెంట్లు, గ్రామాల్లో 3 సెంట్ల ఇంటి స్థలం ఇవ్వాలని నిర్ణయించింది. దానికి దరఖాస్తు వార్డు సచివాలయంలోనే. పట్టా మహిళ పేరున ఇస్తారు.

టిడ్కో ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగుల రకాలు. పెద్దవాటికి లబ్ధిదారు వాటాతోపాటు బ్యాంకు అప్పు కూడా ఉంటుంది. ఇల్లు చేతికి రాకముందే అప్పు కంతుల నోటీసులు అందుకున్న కుటుంబాలు రాష్ట్రంలో చాలా ఉన్నాయి కనుక, కేటాయింపు పత్రంతోపాటు తాళాలు ఇచ్చే తేదీ, కంతు మొదలయ్యే తేదీ రెండూ అడిగి తెలుసుకున్న తరువాతే రుణ పత్రాలపై సంతకం పెట్టండి. వితంతువులు, ఒంటరి మహిళలు, దివ్యాంగులు, వృద్ధులకు, పారిశుద్ధ్య కార్మికులు, వీధి వ్యాపారులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, భవన నిర్మాణ కార్మికుల వంటివారికి పథకంలో ప్రాధాన్యం ఉంది. మీకు వర్తించే గుర్తింపు కార్డు ఉంటే దరఖాస్తుతో జతచేయండి.

పని ముందుకు సాగకపోతే

దరఖాస్తు ఎక్కడ ఆగిందో వెబ్‌సైటులో సంఖ్య వేసి చూస్తే, అది పురపాలక సంస్థ దగ్గరుందో బ్యాంకు దగ్గరుందో తెలుస్తుంది. జీవీఎంసీ వైపు ఆలస్యమైతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, అర్జీ సంఖ్య తీసుకోండి. బ్యాంకు మీ రాయితీ కోరికను పంపకపోతే ముందు శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. నిర్మాణదారు గడువు దాటించినా, ప్లాను మార్చినా, ప్రాజెక్టు నమోదైనదైతే ఏపీ రెరా వింటుంది. నమోదు కాని చిన్న గ్రూప్ హౌసుల విషయంలో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. అక్కడ మీ చేతిలోని అమ్మకపు ఒప్పందం, ఖాతా ద్వారా చేసిన చెల్లింపుల రుజువులు మాత్రమే పనికొస్తాయి కనుక బయానాతో సహా ఏ మొత్తమూ నగదుగా ఇవ్వకండి.